రమ్ము పీపా, ప్రార్థన కూటం: ఇద్దరు ఆదివాసి బోధకుల చరిత్ర

1829లో అమెరికాలో ఒక ఆదివాసి తన జీవితకథను తానే రాసి అచ్చు వేయించుకున్నాడు. ఆయన పేరు విలియం ఏపెస్. పీకాట్ తెగవాడు. ఆ పుస్తకం పేరు తెలుగులో చెప్పుకుంటే ‘అడవి బిడ్డ’ అవుతుంది. ఆ దేశపు ఆదివాసుల్లో పూర్తి ఆత్మకథ రాసి ప్రచురించిన మొదటివాడిగా ఆయన్ని చెబుతారు. కలం పట్టిన మనలాంటివాళ్ళం ఆయన్ని గుర్తు పెట్టుకోవడానికి ఆ ఒక్క సంగతి చాలు. కానీ పుస్తకం తెరవగానే తొలి పేజీల్లో మనకు కనిపించేది తాగుడు. ఊరూరా తిరిగి బుట్టలు, చీపుర్లు అమ్ముకుని, తాగి ఇంటికొచ్చిన అమ్మమ్మ, నాలుగేళ్ళ మనవణ్ణి కర్రతో కొట్టి చెయ్యి మూడుచోట్ల విరగ్గొట్టింది. “నన్ను అసహ్యించుకుంటున్నావా?” అని ఆమె అడిగితే, ఆ మాటకు అర్థం తెలియని పిల్లవాడు ఔనన్నాడట. అడిగిన ప్రతిసారీ ఔనన్నాడు. కొట్టిన ప్రతిసారీ మళ్ళీ అడిగింది. పక్క గదిలో ఉండే మేనమామ వచ్చి పడకపోతే ఆ పుస్తకం ఉండేది కాదు.

ఆ పిల్లవాడే పెద్దయ్యాక తానూ తాగుబోతు అయ్యాడు. తర్వాత క్రైస్తవ విశ్వాసాన్ని పట్టుకుని లేచాడు.

ఈ కథను ఇక్కడ చెప్పడానికి ఒక కారణం ఉంది. మన గూడేల్లో “ఫలానావాడు చర్చికి పోయాక మందు మానేశాడు” అనే మాట వినని టీచరు ఉండరు. ఆ మాట వినగానే ఒకరు “దేవుడే మాన్పించాడు” అంటారు. ఇంకొకరు “మందు మాన్పించే పేరుతో మతం మార్చారు” అంటారు. రెండు మాటలూ అక్కడితో ఆగిపోతాయి. మానినవాడు ఎలా మానాడు, ఎవరి తోడుతో మానాడు, మానాక ఏం చేశాడు అని ఎవరూ అడగరు. బడిలో చరిత్ర చెప్పేవాళ్ళం కనుక మాకు ఆ ప్రశ్నలే ముఖ్యం. మన కళ్ళ ముందు జరిగేదాన్ని గురించి మాట్లాడితే మాట పెరిగి తగాదా అవుతుంది. అందుకని రెండు వందల ఏళ్ళ వెనక్కి, సముద్రాల అవతలికి, మనలాంటి జనం దగ్గరికే పోదాం.

ముందు ఆ నేల సంగతి చెప్పుకోవాలి. అమెరికా ఈశాన్య తీరాన్ని న్యూ ఇంగ్లండ్ అంటారు. పీకాట్, మోహిగన్, వాంపనోగ్ తెగలు ఉండేది అక్కడే. 1637లో ఇంగ్లీషువాళ్ళు మిస్టిక్ అనే చోట పీకాట్ల ఊరికి నిప్పు పెట్టి ఆడవాళ్ళనూ పిల్లలనూ కూడా చంపారు. మిగిలినవాళ్ళను బానిసలుగా పంచుకున్నారు. ఆ తెగ పేరే వినపడకూడదని చూశారు. ఆ తర్వాత తుపాకీ పెద్దగా అవసరం రాలేదు. ఆ పని రమ్ము చేసింది. కరీబియన్ దీవుల్లో నల్లజాతి బానిసలతో పండించిన చెరకు మడ్డి ఓడల్లో న్యూ ఇంగ్లండ్‌కు వచ్చేది. అక్కడి బట్టీల్లో అది రమ్ము అయ్యేది. పీపాలు పీపాలుగా ఆదివాసుల దగ్గరికి చేరేది. తాగించి తోళ్ళు కొనేవారు, తాగించి అప్పు రాయించేవారు, అప్పు కింద భూమి తీసుకునేవారు. ఈ చివరి మూడు మాటలు చదివాక మన ఏజెన్సీ పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు.

ఒక తేడా మాత్రం ఉంది. ఆ తీరపు తెగలకు తెల్లవాళ్ళు రాకముందు సారా తెలియదు. మనకు ఇప్పపువ్వు, జీలుగు కల్లు పెద్దల కాలం నుంచీ ఉన్నాయి. ముందు నేల మీద నాలుగు చుక్కలు వేసి పెద్దలకు ఇచ్చి, తర్వాత తాగడం మన పద్ధతి. దానికో రోజు, ఓ వేళ, ఓ కొలత ఉండేవి. మన్యంలో ఆ కొలత ఎవరు చెరిపారో కూడా చరిత్రలో ఉంది. మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ చట్టాలు తెచ్చి, ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను వేసి, గుత్తేదార్లకు అప్పగించింది. చిగురుపన్ను అని మనవాళ్ళు తిట్టుకున్నది దాన్నే. 1879 మార్చిలో రంప తిరగబడడానికి అదొక పెద్ద కారణం. అప్పటి నుంచి కల్లూ సారా మన పండగ వస్తువులు కావు, ఎవరో అమ్మితే మనం కొనుక్కునే సరుకులు. అమెరికాలో రమ్ము మొదటి రోజు నుంచే సరుకు. అంతే తేడా.

ఇక మొదటి బోధకుడు. శాంసన్ ఆకమ్. మన తెలుగు బైబిలులో సంసోను అని ఉంటుందే, ఆ పేరే. 1723లో మోహిగన్ తెగలో పుట్టాడు. పదహారు, పదిహేడేళ్ళ వయసులో ఆ ప్రాంతమంతా ఉజ్జీవ కూటాల ఊపులో ఉన్నప్పుడు క్రైస్తవుడయ్యాడు. 1743లో చదువు నేర్చుకుంటానని ఎలియేజర్ వీలాక్ అనే పాస్టరు దగ్గరికి తానే వెళ్ళాడు. నాలుగేళ్ళు చదివాడు. తర్వాత లాంగ్ ఐలండ్‌లో మాంటాక్ తెగ పిల్లలకు టీచరుగా చేరాడు. అంటే మన వృత్తివాడే. తెల్ల మిషనరీలకు ఇచ్చే జీతంలో కొద్ది భాగమే ఆయనకు ఇచ్చేవారు. పెద్ద సంసారం. బడి అయ్యాక చెక్క గరిటెలు, దేవదారు బొక్కెనలు చేసి అమ్మేవాడు, పుస్తకాలు బైండింగు చేసేవాడు, చేపలు పట్టేవాడు. తనకు తక్కువ ఎందుకిస్తున్నారో తన చేతిరాతలోనే రాసిపెట్టాడు: తాను ఇండియన్ని కావడమే కారణమని.

1765 చివర్లో ఆయన్ని ఇంగ్లండుకు పంపారు. ఆదివాసి పిల్లల బడి కోసం చందాలు పోగుచేయడానికి. రెండేళ్ళ పాటు ఇంగ్లండులో, స్కాట్లండులో మూడు వందలకు పైగా ప్రసంగాలు చేసి సుమారు 12,000 పౌండ్లు తెచ్చాడు. ఆ రోజుల్లో అది మహా సొమ్ము. తిరిగొచ్చి చూస్తే, చూసుకుంటామని మాటిచ్చిన తన కుటుంబం పేదరికంలో ఉంది. ఆయన తెచ్చిన డబ్బుతో వీలాక్ డార్ట్‌మత్ కాలేజీ పెట్టాడు. అందులో చదివింది ఎక్కువమంది తెల్లవాళ్ళ పిల్లలే. ఆ రోజుల్లోనే ఆకమ్ తాగి కనిపించాడని పుకారు లేచింది. ఆయన దాచలేదు. తానే సంఘ పెద్దల ముందుకు వెళ్ళి చెప్పుకున్నాడు. 1769లో వాళ్ళు విచారించి, రోజంతా ఏమీ తినకుండా ఉండి కొద్దిగా తాగడం వల్ల తల తిరిగింది తప్ప అది తాగుబోతుతనం కాదని తేల్చారు. అయినా ఆ మాట ఆయన్ని వదల్లేదు. తెల్ల పాస్టరు తాగితే అది ఆ మనిషి తప్పు. ఆదివాసి పాస్టరు తాగితే అది జాతి లక్షణం. మన ఊళ్ళలో మన ఉద్యోగుల గురించి బయటివాళ్ళు మాట్లాడుకునే తీరు మీకు తెలిసిందే.

మూడేళ్ళకు ఆకమ్ పేరు దేశమంతా వినపడే రోజు వచ్చింది. మోజెస్ పాల్ అనే వాంపనోగ్ యువకుడు 1771 డిసెంబరులో తాగిన మత్తులో ఉండగా ఒక సత్రం దగ్గర గొడవై ఒక తెల్లమనిషిని కొట్టాడు. దెబ్బ తిన్నవాడు చనిపోయాడు. పాల్‌కు ఉరిశిక్ష పడింది. అప్పట్లో ఉరి తీసే రోజున జనం ముందు ప్రసంగం చేయించేవారు. నా కోసం ఆకమ్ ప్రసంగించాలి అని పాల్ కోరాడు. 1772 సెప్టెంబరు 2న న్యూ హేవెన్ ఊళ్ళో, తెల్లవాళ్ళూ ఆదివాసులూ కిక్కిరిసి ఉండగా, చావబోయే తమ్ముడి ముందు నిలబడి ఆకమ్ మాట్లాడాడు. వాక్యం రోమీయులకు రాసిన పత్రిక 6:23.

ఆ ప్రసంగాన్ని మేం బోధకుడి కళ్ళతో కాక, టీచరు కళ్ళతో చదివాం. అందులో ఆయన మూడు వైపులకు తిరిగి మాట్లాడతాడు. మొదట పాల్ వైపు. నువ్వు నా ఎముక, నా మాంసం అన్న ధోరణిలో, తిట్టకుండా, దాచకుండా. తర్వాత తెల్లవాళ్ళ వైపు. చివర తన జనం వైపు. మన జనంతో ఆయన చెప్పింది చాలా పచ్చిగా ఉంటుంది: తాగుడు వల్లే మనకు బతకడానికి నీడ లేదు, పిల్లల ఒంటి మీద గుడ్డ లేదు, మనం గౌరవం పోగొట్టుకున్నాం, వ్యాపారంలో మోసపోతున్నాం అని. అయితే అక్కడే ఆగలేదు. పొరుగువాడి నోటికి సీసా పెట్టి తాగించేవాడికి శ్రమ అని బైబిలులో ఉన్న శాపాన్ని ఎత్తి చూపి, అలాంటి దుర్మార్గులు ఈ కాలంలోనూ ఉన్నారన్నాడు. అమ్మినవాళ్ళు ఆ గుంపులోనే ఉన్నారు. వినక తప్పలేదు. తెల్ల పాస్టర్లు ఆదివాసుల తాగుడు మీద అంతకుముందు వందల ప్రసంగాలు చేసి ఉంటారు. ఆ ప్రసంగాల్లో అమ్మకందారు అంత తేలిగ్గా కనపడడు.

ఆ ప్రసంగం పుస్తకంగా వచ్చి పందొమ్మిది సార్లకు తక్కువ కాకుండా అచ్చయింది. ఆకమ్ ఆ తర్వాత తెల్లవాళ్ళ నీడకు దూరంగా తమ జనమే ఒక ఊరు కట్టుకోవాలని పట్టుబట్టాడు. 1785లో ఒనైడా తెగవాళ్ళు ఇచ్చిన నేల మీద బ్రదర్‌టౌన్ అనే ఊరు మొదలైంది. ఏడు ఊళ్ళ ఆదివాసి క్రైస్తవులు అక్కడికి నడిచి పోయారు. రమ్ము దుకాణానికి దూరంగా పోవడం కూడా ఆ నడకలో ఒక భాగం. 1792లో ఆకమ్ ఆ ప్రాంతంలోనే పోయాడు.

ఇక్కడ ఒక పక్కమాట. విశ్వాసం అంటే క్రైస్తవ విశ్వాసమే కానక్కర్లేదు. అదే కాలంలో, అక్కడికి పడమటగా సెనెకా తెగలో హ్యాండ్సమ్ లేక్ అనే పెద్దాయన ఉండేవాడు. తాగి తాగి మంచం పట్టినవాడు. 1799 జూన్‌లో చచ్చిపోయాడనుకున్నంతలో లేచి, తనకు దూతలు కనిపించారని, తాగుడు మానమన్నారని చెప్పాడు. ఆ ఊళ్ళో అంతకు ముందు ఏడాది నుంచి క్వేకర్ క్రైస్తవులు వ్యవసాయం, చదువు నేర్పుతూ ఉన్నారు. వాళ్ళు మతం మారమని ఒత్తిడి చేయలేదు. హ్యాండ్సమ్ లేక్ క్రైస్తవుడు కాలేదు, తన తెగ పండగల్నీ వదల్లేదు. అయినా అతని మాట విని సెనెకాలు చాలామంది విస్కీ మానేశారు. ఆ బాట ఇప్పటికీ లాంగ్‌హౌస్ మతం పేరుతో ఉంది. అందులో చీకటి కూడా ఉంది: మంత్రగత్తెలని ముద్రవేసి కొందరిని చంపించిన మచ్చ అతని పేరు మీద ఉంది. మందు మాన్పించిన ప్రతి గురువూ అన్నిట్లో మంచివాడని అనుకోవడానికి లేదు. మన అల్లూరి సీతారామరాజు కూడా 1922 పితూరీకి ముందు మన్యం ఊళ్ళు తిరిగి తాగుడు మానండి, తగాదాలు పంచాయితీలో తీర్చుకోండి అని చెప్పాడు. విన్నవాళ్ళు విన్నారు. చర్చి, గుడి, కొలుపు అని కాక, ఆ మాట చెప్పినవాడు ఎవరి పక్కన నిలబడ్డాడో చూడాలని మా అభిప్రాయం.

ఇప్పుడు ఏపెస్ దగ్గరికి వద్దాం. 1798 జనవరి 31న పుట్టాడు. చెయ్యి విరిగిన తర్వాత అతన్ని ఒక తెల్ల కుటుంబానికి అప్పగించారు. పాలేరుగా కట్టుబడి ఉండాలి, చలికాలంలో మాత్రం బడికి పోవచ్చు. ఆరు చలికాలాలు పోయాడు. ఆయన చదువంతా అదే. ఆ ఇంట్లో మాట వినకపోతే అడవిలో ఇండియన్లు ఉన్నారు, పట్టుకుపోతారు అని భయపెట్టేవారట. ఒకరోజు పండ్లు ఏరడానికి పోయినప్పుడు, ముదురు ఛాయ ఉన్న తెల్ల ఆడవాళ్ళను చూసి ఇండియన్లు అనుకుని ఇంటికి పరుగెత్తాడు. ఆదివాసి బిడ్డకు ఆదివాసులంటేనే భయం నేర్పారు. ఈ ఒక్క సంగతిని మన ఆశ్రమ పాఠశాలల టీచర్లు పిల్లలతో చదివించాలి.

అతన్ని ఆ ఇంటి నుంచి ఒక జడ్జి ఇంటికి, అక్కడి నుంచి ఇంకో పెద్దమనిషి ఇంటికి, పశువును తోలినట్టు మార్చారు. ఆ రోజుల్లోనే మెథడిస్టుల ఉజ్జీవ కూటాలకు రహస్యంగా పోయేవాడు. మెథడిస్టులు అప్పట్లో పేదల సంఘం. నల్లవాళ్ళూ పనివాళ్ళూ ఆడవాళ్ళూ అక్కడ నోరు తెరిచి మాట్లాడేవారు. 1813లో అతనికి మారుమనస్సు కలిగింది. యజమాని ఆ కూటాలకు పోవద్దన్నాడు, కొట్టించాడు. పదిహేనేళ్ళ కుర్రాడు న్యూయార్కు పారిపోయాడు. అక్కడ సైన్యంలో చేర్చుకునేవాడు మందు పోసి, డప్పు వాయించే పనికి చేర్చుకున్నాడు. ఇంగ్లండుతో యుద్ధం నడుస్తున్న కాలం అది. తాగుడు సైన్యంలో నేర్చుకున్నానని ఏపెస్ రాశాడు. యుద్ధం అయ్యాక ఇస్తామన్న డబ్బు ఇవ్వలేదు, భూమి ఇవ్వలేదు. కెనడాలో ఊళ్ళు పట్టుకు తిరిగాడు. కూలి చేయడం, తాగడం. కూలి పోగొట్టుకోవడం, మళ్ళీ తాగడం.

అతను ఎలా బయటపడ్డాడన్నది ఈ వ్యాసానికి గుండెకాయ. ఒక్క రాత్రిలో జరగలేదు. 1817 ప్రాంతంలో కాలినడకన తన జనం దగ్గరికి తిరిగొచ్చాడు. దారిలో పని చేసుకుంటూ, మానుతూ, పడుతూ వచ్చాడు. కనెక్టికట్‌లో గ్రాటన్ దగ్గర పీకాట్లకు కొద్దిగా నేల మిగిలి ఉంది. అక్కడ సాలీ జార్జ్ అనే పీకాట్ పెద్దావిడ ఉండేది. ఏపెస్ ఆమెను అత్తా అని పిలిచేవాడు. ఆమెకు చదువు తక్కువ, వాక్యం నోటికి ఎక్కువ. నెలకోసారి ఆమె ఆధ్వర్యంలో చెట్ల కింద కూటం జరిగేది. చుట్టుపక్కల పీకాట్లు నడిచి వచ్చేవారు. కొన్నిసార్లు రెండు, మూడు రోజులు అక్కడే ఉండేవారు. పాస్టరు లేడు, కట్టడం లేదు. తెగ చచ్చిపోయిందని లోకం అనుకుంటున్న రోజుల్లో ఆ తెగ కలుసుకునే చోటు ఆ చెట్ల కిందే. ఏపెస్ అక్కడ కూర్చున్నాడు. 1818 డిసెంబరులో బాప్తిస్మం తీసుకున్నాడు.

ఇంకో తోడు మెథడిస్టుల క్లాస్ మీటింగ్. జాన్ వెస్లీ 1742లో ఇంగ్లండులో మొదలుపెట్టిన పద్ధతి అది. పన్నెండు మంది వరకు వారానికోసారి కూర్చుంటారు. ఈ వారం ఎలా గడిచింది అని ఒక్కొక్కర్నీ అడుగుతారు. పడినవాడు పడ్డానని చెబుతాడు. మిగతావాళ్ళు ఉపన్యాసం ఇవ్వరు, తాము పడినప్పటి సంగతి చెబుతారు. తాగుడు మానినవాణ్ణి ఎక్కువగా కూల్చేది మందు మీద ఆశ ఒక్కటే కాదు. సాయంత్రం పూట ఒంటరితనం కూల్చేస్తుంది. పాత స్నేహితులు తాగే చోటే ఉంటారు. వాళ్ళను వదిలితే ఎక్కడికి పోవాలి? ఆ సాయంత్రానికి వేరే చోటు, వేరే మనుషులు, పాడటానికి పాట, చెప్పుకోవడానికి మాట దొరకడమే సగం మందు. “నువ్వు పాపివి” అన్న మాట ఏపెస్‌ను చిన్నప్పటి నుంచీ వెంటాడింది. అతన్ని నిలబెట్టింది దాని పక్కనున్న మాట: క్రీస్తు అందరి కోసం చనిపోయాడు, అందులో ఇండియన్ కూడా ఉన్నాడు. తోలు రంగును బట్టి దేవుడు మనిషిని చూడడని తెలిసిన రోజు తన బతుకు మీద తనకు విలువ కలిగిందని పుస్తకమంతా చెబుతాడు. తన ప్రాణానికి విలువ లేదనుకున్నవాడు మందు ఎందుకు మానాలి?

ఇంకో సంగతి. అమ్మమ్మను ఆయన క్షమించాడు. ఎలా క్షమించాడో కూడా రాశాడు. ఆ తప్పులో పెద్ద వంతు తెల్లవాళ్ళదే, మా జనానికి మందు అలవాటు చేసింది వాళ్ళే, మత్తులో ఉండగా భూములు లాక్కున్నది వాళ్ళే అని లెక్క తేల్చాడు. ప్రార్థన ఆయన్ని నోరు మూసుకోమనలేదు.

టీచర్ల కోసం ఇక్కడే ఒక మాట చెప్పాలి. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, లేనివి కనపడటం జరుగుతాయి. ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటప్పుడు ప్రార్థన చేసేవాళ్ళు చేయండి, కొలుపు చేసేవాళ్ళు చేయండి, కానీ మనిషిని మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఏపెస్ బోధకుడు కావాలనుకుంటే పాత మెథడిస్టు సంఘం లైసెన్సు ఇవ్వలేదు. అప్పుడే విడిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్ మెథడిస్టులు ఇచ్చారు. 1833లో మసాచుసెట్స్‌లో మాష్పీ అనే వాంపనోగ్ ఊరికి వెళ్ళాడు. ఆదివాసుల చర్చిలో ప్రసంగించమంటే వెళ్ళి చూశాడు, ఎదురుగా అందరూ తెల్లముఖాలే. ఇండియన్లు ఎక్కడ అని అడిగాడు. హార్వర్డ్ కాలేజీ, ఆదివాసులకు సువార్త చెప్పడానికి ఎవరో ఇచ్చిన నిధితో, ఫినియస్ ఫిష్ అనే పాస్టరును అక్కడ పెట్టింది. ఆయన చర్చినీ, దాని చుట్టూ ఉన్న అడవినీ అనుభవిస్తూ, తెల్లవాళ్ళకు ఆరాధన చేస్తున్నాడు. మాష్పీ జనం మాత్రం ‘బ్లైండ్ జో’ ఏమస్ అనే తమ సొంత బాప్టిస్టు బోధకుడి దగ్గర, వేరే చోట కూడుకుంటున్నారు. చూపు లేని ఆ ఆదివాసి దగ్గర సంఘం ఉంది, జీతం తీసుకునే పాస్టరు దగ్గర కట్టడం ఉంది.

మాష్పీ పెద్దలు ఏపెస్‌ను తమ తెగలో కలుపుకున్నారు. జూలై 1 నుంచి మా అడవిలో బయటివాళ్ళు కట్టె కొట్టడానికి వీల్లేదని గవర్నరుకు రాసి పంపారు. ఆ రోజు కట్టెలు తోలుకుపోతున్న బండిని ఆపి, కట్టెలు దింపేశారు. ఎవరినీ కొట్టలేదు. దానికే ఏపెస్‌కు 30 రోజుల జైలు, 100 డాలర్ల జరిమానా వేశారు. తిరుగుబాటని పత్రికలు రాశాయి. అదే ఏడాది మాష్పీలో మద్యం మానే సంఘం కూడా పెట్టారు. ఆ రెండింటినీ విడదీసి చూడకూడదు. తాగుబోతులు తమను తాము పాలించుకోలేరన్నది, వాళ్ళ మీద సంరక్షకుల్ని పెట్టడానికి చెప్పిన సాకు. సాకు పోవాలంటే సీసా పోవాలి. సీసా పోవాలంటే అడవి మనదనే ధైర్యం రావాలి. 1834 మార్చిలో మసాచుసెట్స్ శాసనసభ మాష్పీకి సొంత పాలన ఇచ్చింది, పెద్దల్ని వాళ్ళే ఎన్నుకునేట్టు. మన పెసా చట్టం వచ్చింది 1996లో. ఎంత ముందో చూడండి.

అయితే చర్చి అంతటా సాలీ అత్త చెట్టు నీడలా లేదు. అది దాచి ఈ వ్యాసం రాయడం తప్పు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అడవుల్లో ఆల్కలై లేక్ అనే షుస్వాప్ ఊరుంది. ఆ ఊరి పిల్లల్ని విలియమ్స్ లేక్ దగ్గర క్యాథలిక్ సంఘం నడిపిన హాస్టలు బడికి తీసుకెళ్ళేవారు. భాష మాట్లాడితే కొట్టేవారు. ఆ బడిలో పనిచేసిన మతగురువు ఒకరికి పిల్లల మీద చేసిన అత్యాచారాలకు 1989లో కోర్టు శిక్ష వేసింది. ఆ బడి నుంచి వచ్చినవాళ్ళు తమ నొప్పిని సారాలో ముంచారు. 1970 నాటికి ఊరంతా తాగుడే. చుట్టుపక్కలవాళ్ళు ఆ ఊరిని సారా ఊరని ఎగతాళి చేసేవారు.

1972లో ఫిలిస్ చెల్సీ అనే ఆమె మానేసింది. మీరు తాగుతున్నారు, నేను ఇంటికి రాను అని ఆమె కూతురు అమ్మమ్మ ఇంట్లో ఉండిపోయింది. ఆ మాట ఆమెను నిలబెట్టింది. కొద్దిరోజులకు భర్త ఆండీ కూడా మానేశాడు. ఒక క్యాథలిక్ బ్రదర్ వారం వారం వచ్చి ఏఏ కూటం నడిపేవాడు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని యాక్రన్ ఊళ్ళో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ మొదలుపెట్టింది. వాళ్ళిద్దరూ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ కూటంలో కూర్చున్నవాళ్ళే. తప్పు ఒప్పుకోవడం, నష్టపరిచినవాళ్ళ దగ్గరికి పోయి సరిదిద్దుకోవడం, ఇంకొక తాగుబోతుకు తోడుపడటం అనేవి అక్కడి నుంచే వచ్చాయి. కానీ 1939లో తమ పుస్తకం రాసేటప్పుడు, దేవుణ్ణి ఎవరికి తెలిసిన తీరులో వాళ్ళు తలుచుకోవచ్చని తలుపు తెరిచి పెట్టారు. ఆ తెరిచిన తలుపు లోంచే ఆల్కలై లేక్ జనం లోపలికి వచ్చారు. మొదట్లో ఆ కూటంలో చెల్సీ దంపతులు, బ్రదర్ తప్ప పెద్దగా ఎవరూ ఉండేవారు కాదు.

ఆండీ ఊరి పెద్ద అయ్యాడు. సారా తెచ్చే బండిని ఊళ్ళోకి రానివ్వలేదు. దొంగసారా అమ్మేవాళ్ళను గుర్తు పెట్టిన నోట్లతో పోలీసులకు పట్టించాడు. అందులో సొంతవాళ్ళూ ఉన్నారు. ప్రభుత్వ సాయం డబ్బు చేతికివ్వకుండా దుకాణానికి చీటీలు ఇప్పించాడు. చికిత్సకు పోయినవాళ్ళ ఇల్లు బాగుచేయించి, పిల్లల్ని చూసుకుని, తిరిగొచ్చేసరికి పని చూపించారు. తర్వాత ఊళ్ళో పాత చెమట గుడారాల ఆచారం, తమ పాటలు తిరిగొచ్చాయి. పదేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో చాలామంది మానేశారు. వాళ్ళ కథ వాళ్ళే నటించి 1980ల్లో సినిమా తీశారు. గాయం చేసిన చర్చి నుంచే ఒక బ్రదర్ వచ్చి కూర్చున్నాడు. గాయపడ్డవాళ్ళు అతన్ని కూర్చోనిచ్చారు, పగ్గాలు మాత్రం తమ చేతిలోనే ఉంచుకున్నారు.

మళ్ళీ ఏపెస్. మాష్పీ గెలుపు తర్వాత ఆయన్ని అప్పులు చుట్టుముట్టాయి. కోర్టు కేసులు పడ్డాయి. 1836లో బోస్టన్‌లో, వాంపనోగ్ వీరుడు కింగ్ ఫిలిప్ మీద గొప్ప ప్రసంగం చేశాడు. తర్వాత మాష్పీకి దూరమై న్యూయార్కు చేరాడు. 1839లో అక్కడ ఒక అద్దె ఇంట్లో చనిపోయాడు. నలభై ఒక్క ఏళ్ళు. మెదడులో రక్తస్రావం అని విచారణలో రాశారు. చివరి రోజుల్లో మళ్ళీ తాగుతున్నాడని అప్పటి పత్రికల్లో వచ్చింది.

అది చదివి, చూశారా, దేవుడు లేడు గీవుడు లేడు అనేవాళ్ళు ఉంటారు. విశ్వాసం గట్టిది కాదు గనుక పడ్డాడు అనేవాళ్ళూ ఉంటారు. మేం మాత్రం లెక్క వేరేగా వేశాం. 1818 నుంచి ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళలో అయిదు పుస్తకాలు, పెళ్ళి, పిల్లలు, వందల మైళ్ళ కాలినడక, ఒక ఊరికి సొంత పాలన. చివర్లో న్యూయార్కులో ఆయన పక్కన సాలీ అత్త లేదు, ఆమె 1824లోనే పోయింది. చెట్ల కింద కూటం లేదు, వారం ఎలా గడిచింది అని అడిగే పన్నెండు మంది లేరు.

మాష్పీలో ఆ పాత ప్రార్థన మందిరం ఇప్పటికీ ఉంది. అది ఇప్పుడు వాంపనోగ్ల చేతిలో ఉంది.